సగం ధరకు కొన్న సంగీత వైద్యం

చదువును బేరమాడి సగం ధరకు తెచ్చుకున్న మనిషి మా ఖమ్మంలో నేనొక్కదాన్నే అని ఇప్పటికీ నా నమ్మకం. చీరలకు బేరమాడేవాళ్ళున్నారు, మిర్చి బస్తాలకు బేరమాడేవాళ్ళున్నారు, ఆటోకు, ఆపరేషన్‌కు, ఆఖరికి పంతులుగారి సంభావనకు కూడా బేరమాడే మహానుభావులు మా బజారులోనే ఉన్నారు. కానీ మద్రాసు దాకా రైలెక్కి పోయి, సంగీతంతో రోగులకు సాయం చేసే చదువును ‘సగమే ఇవ్వండి, మిగతా సగం నాకక్కర్లేదు, ఆ మేరకు ఫీజు తగ్గించండి’ అని అడిగి పుచ్చుకున్న ఘనత మాత్రం నాదే. ఆ రోజుల్లో (అప్పుడప్పుడే చేతుల్లోకి సెల్‌ఫోన్లు వస్తున్నాయి, మిస్డ్ కాల్ ఇవ్వడం కూడా ఒక విద్యే అనుకునే కాలం) తెలివి అంటే తక్కువకు కొనడమేనని గట్టిగా నమ్మేదాన్ని. కొన్నదాంట్లో ఏం తక్కువైందో చూసుకోవడం కూడా తెలివిలో భాగమేనని నాకెవరూ చెప్పలేదు. చెప్పారేమో, నేను వినలేదు.

తప్పు పూర్తిగా నాది కాదని చెప్పుకోవడానికి మా నాన్నను మధ్యలోకి లాగుతాను. ఆయనకు కమాన్ బజారులో చీరల కొట్టు. నేను గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్న పిల్లను. మా కొట్టుకు ఒకటే శాస్త్రం. చీర చూస్తున్న మనిషి మాట్లాడకుండా ఊరుకుందంటే ఆమె కళ్ళు చెప్పుల వైపు పోయాయన్నమాట. అప్పుడు మనం ఊరుకోకూడదు. ‘గిరాకీ సప్పుడు చేస్తలేదంటే నువ్వు సప్పుడు చెయ్యాలె బిడ్డా, ఇంకోటి విప్పు’ అనేవాడు నాన్న. అలా ఒకదాని మీద ఒకటి విప్పి, ఆమె ఎదుట చీరల కుప్ప పోసి, ఇక లేచిపోవడానికి మొహమాటపడేలా చేయడం మా ఇంటి కళ. నాకు ఇంకో కళ కూడా ఉండేది. చిన్నప్పటినుంచి సంగీతం నేర్చుకున్నాను, హార్మోనియం వాయిస్తాను, ఎవరింట్లో పేరంటమైనా పిలవకపోయినా పాడతాను. మద్రాసులో ఉన్న మా మేనత్త ఈ రెండో కళకు తగ్గ చదువొకటుందని ఉత్తరం రాస్తే, నాన్న ఒక పూట ఆలోచించి, ‘డాక్టర్ సీటు రాకపోయినా పేరు పక్కన వైద్యం అన్న మాట అయితే వస్తది గద’ అని ఒప్పుకున్నాడు.

ఆ బడి ఒక మేడ మీద రెండు గదులు. నడిపేది ఒక పెద్దావిడ. తెలుగింట పుట్టి తమిళదేశంలో పెరిగిన మనిషి, అందుకని ఆమె తెలుగు కాస్త ఒంపు తిరిగి ఉండేది. చదువు రెండు భాగాలు. మొదటి భాగం గదిలో కూర్చుని నేర్చుకునేది. ఏ రోగికి ఏ పద్ధతి, ఎందుకు, ఎలా అని. రెండో భాగం ఆసుపత్రి వార్డులో. అందులో మొదటి నెలంతా పాడకూడదు, వాయించకూడదు. రోగి పక్కన కూర్చుని ఆ మనిషి ఊపిరినీ, మూలుగునూ, ఊరుకోవడాన్నీ వినాలి. ఇది విన్నాక నాలోని చీరల కొట్టు లేచి నిలబడింది.

“ఊరికే కూర్చోవడానికి ఫీజెందుకు మేడమ్? నోరు మూసుకుని కూర్చోవడం మా ఇళ్ళలో ఆడపిల్లలకు ఊరికే నేర్పుతారు.”

“నీకు నేర్పినట్టు లేదే అమ్మా,” అన్నారు మేడమ్.

(ఆ మాటలో చురకుందని నాకు తెలియలేదు. బేరంలో ఎదుటివాళ్ళు నవ్వారంటే తగ్గుతున్నారని అర్థం, నాకు తెలిసింది అంతే.) రెండు రోజులు వెంటపడ్డాను. మెట్ల మీద, కాఫీ దగ్గర, ఆమె బస్సెక్కబోతుంటే కూడా వదల్లేదు. చివరికి ఆమె విసిగి, మొదటి భాగం చాలనుకునేవాళ్ళను ఆపడానికి తనెవరని, సగం ఫీజే తీసుకున్నారు. తీసుకుంటూ ఒక మాటన్నారు. వార్డులో కూర్చోకుండా రోగుల జోలికి మాత్రం పోవద్దని. నేను తలూపాను. తల ఊపడానికి మా కొట్టులో ఖర్చేమీ లేదు.

భద్రాచలం పోయే రోడ్డులో, ఊళ్ళు పలచబడి అడవి చిక్కబడే చోట ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. దాన్ని నడిపే పెద్ద డాక్టరమ్మ మా ఖమ్మం మనిషే. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకు పాట సాయపడుతుందని ఎక్కడో చదివి, అటువంటి మనిషి కోసం వెతుకుతున్నారు. నేను పోయి చదువైపోయిందన్నాను. ఎంత అయిపోయిందని ఆమె అడగలేదు, అడగని మాటకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఆసుపత్రి వెనక ఖాళీగా ఉన్న గది ఇచ్చారు. మొదటి రోజే ఆ గది గోడకు నేనొక బోర్డు పెట్టాను. ఏ రాగం నిద్రకు, ఏ రాగం బీపీకి, ఏ రాగం కడుపుబ్బరానికి అని రంగురంగుల అక్షరాలతో. మద్రాసు మేడమ్ ఇలాంటి జాబితాలను నమ్మొద్దని చెప్పారు కానీ, సరుకు బయటికి కనబడకపోతే గిరాకీ ఎలా వస్తుంది? పెద్ద డాక్టరమ్మ చూసి, ‘ఇది మందుల షాపు కాదమ్మాయ్, తీసెయ్’ అన్నారు. కొన్నాళ్ళలో ఆసుపత్రికి సాయం చేసే దంపతులు కేరళ నుంచి వస్తారనీ, ఈ గదివల్ల ఎవరికైనా మేలు జరిగినట్టు కనిపిస్తే నా ఉద్యోగం ఉంటుందనీ, లేకపోతే ఎవరి దారి వాళ్ళదనీ కూడా చెప్పారు. నా దారి ఎటు పోతుందో నాకు తెలుసు. తిన్నగా కమాన్ బజారుకు.

అప్పుడు వచ్చింది వార్డెనమ్మ. ఆడపిల్లల హాస్టల్లో జీవితమంతా వార్డెన్‌గా పనిచేసిన మనిషి. ఆమె గొంతెత్తితే హాస్టల్లో పిల్లలే కాదు, రోడ్డు మీద పోయే లారీ కూడా స్లో అయ్యేదని చెప్పుకునేవారు. దసరా సెలవుల్లో ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. చెప్పింది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది మాత్రం నోట్లోకి రాదు. ఆమెను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చిన భర్త ఇల్లందు బొగ్గుబావిలో దీపాల గదిలో పనిచేసి రిటైరైన ఆయన. బావిలోకి దిగేవాళ్ళ తలకు కట్టుకునే దీపాలు ఇచ్చి, పైకొచ్చాక తీసుకోవడం ఆయన పని. అందుకని అందరూ ల్యాంపు తాత అనేవారు. ఆయన మొదటి రోజే తనకు కావలసింది చెప్పేశాడు. భార్య నడవకపోయినా పరవాలేదట, తనే ఎత్తుకుని తిప్పుతాడట.

“పెండ్లయిన కాడ్నించి తిట్టింది బిడ్డా నన్ను. లేస్తే తిట్టు, కూసుంటే తిట్టు. ఇప్పుడు ఇంట్ల సప్పుడే లేదు. ఒక్క తిట్టు తిట్టేటట్టు చెయ్యి, నీ పేరు చెప్పుకుంట.”

నేను నవ్వాను. తిట్టు తెప్పించమని అడిగిన గిరాకీ నాకు ముందూ లేదు, తర్వాతా లేదు. కుర్చీలో వార్డెనమ్మ మాత్రం ఎడమ చేత్తో కొంగు సర్దుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది, హాస్టల్లో చేరడానికి వచ్చిన పిల్లను చూసినట్టు.

పద్ధతి నాకు తెలుసు, అది మొదటి సగంలోనే ఉంది. మాట పోయినవాళ్ళకు కూడా బాగా తెలిసిన పాటలో ఒక్కోసారి మాట దొరుకుతుంది. అందుకని వాళ్ళకు ఒంటబట్టిన పాట తీసుకుని, పంక్తి చివరి మాట పాడకుండా వదిలేసి ఆగాలి. ఆ ఖాళీలోకి వాళ్ళే వస్తారు. ఎంతసేపు ఆగాలన్నది రెండో సగంలో ఉంది. కాబట్టి నేను నాకు తెలిసిన లెక్కన ఆగాను, మా కొట్టులో గిరాకీ ముందు ఎంతసేపు ఊరుకోవచ్చో అంతసేపు. అంటే రెప్ప కొట్టి తెరిచేలోపు. ఆలోపు వార్డెనమ్మ నోటివెంట మాట రాలేదు కాబట్టి మాట నేనే అనేసి, తర్వాతి పంక్తికి పోయేదాన్ని. ఆ పాటకు రాకపోతే ఇంకో పాట విప్పేదాన్ని. వార్డెనమ్మ వాళ్ళు పోయే చర్చి కీర్తనలు అయ్యాయి, జోలపాటలు అయ్యాయి, నాకొచ్చిన కృతులు అయ్యాయి. మధ్యాహ్నానికి ఆమె ఒడి నిండా నా పాటలు గుట్టపడేవి. నర్సులు కిటికీ దగ్గర నిలబడి, ఎంత బాగా పాడతావమ్మా అనేవారు. అడవి పల్లెల నుంచి వచ్చిన రోగుల చుట్టాలు కూడా తమ భాషలో ఏదో మెచ్చుకుంటూ అరుగు మీద కూర్చునేవారు. నాకు రోజులు కచేరీలా గడిచిపోయాయి.

ల్యాంపు తాతే ఒకరోజు, హాస్టల్లో అన్నం గంట కొట్టినప్పుడు తన భార్య పిల్లల్ని వరసలో నిలబెట్టడానికి సొంతంగా కట్టిన పాట ఒకటుందని చెప్పాడు. ఆయనకు శ్రుతి లేదు, సిగ్గు మాత్రం చాలా ఉంది. గోడ వైపు తిరిగి పాడాడు.

“గంట గొట్టినం, గిన్నె పట్టుండ్రి,
వరస తప్పినోళ్ళు ఎనక్కి పొండి.”

వార్డెనమ్మ మొహం వెలిగింది. ఎడమకాలు తాళం వేసింది. ఇంతకన్నా గట్టిగా తన ఇష్టం తెలియజేయడానికి ఆమెకేం మిగిలింది? కానీ నాకు ఆ పాట మరీ బోసిగా అనిపించింది. అంచు లేని చీరలా ఉందని దానికి ఒక రాగం కుట్టాను, రెండు సంగతులు వేశాను, హార్మోనియం మీద ముందొక ముక్క, వెనకొక ముక్క కలిపాను. వరస తప్పిన పిల్లల్ని తరమడానికి పుట్టిన పాట నా చేతిలో పడి పెళ్ళిపందిట్లో నడిచింది. ‘వరస తప్పినోళ్ళు ఎనక్కి’ దగ్గర ఆగేదాన్ని, రెప్ప కొట్టేదాన్ని, ‘పొండి’ నేనే అనేదాన్ని. అప్పుడు వార్డెనమ్మ పెదవులు దగ్గరికొచ్చి విడిపోయేవి. అది నేను చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. నాతో పాటు పాడాలని ముచ్చటపడుతోంది అనుకున్నాను.

సంక్రాంతి పోయింది, మిర్చి బస్తాల లారీలు ఖమ్మం వైపు పోవడం మొదలైంది. కేరళ దంపతులు వచ్చిన రోజు గదిని కడిగించి, హార్మోనియం మీద మా కొట్టు నుంచి తెచ్చిన జరీ గుడ్డ కప్పాను. తెల్లటి బట్టల్లో పెద్దాయన, కళ్ళజోడు పెట్టుకున్న ఆయన భార్య బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరికీ తెలుగు రాదు. పెద్ద డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడ్డారు. ల్యాంపు తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యకు పౌడరు రాసి తీసుకొచ్చాడు. ఆయన నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఇవ్వాళైనా అన్నట్టు.

మొదటిసారి పాడాను, ఆగాను, రాలేదు, అనేశాను. రెండోసారీ అంతే. మూడోసారికి కళ్ళజోడావిడ గడియారం చూసుకుంది. (ఆమె కళ్ళు చెప్పుల వైపు పోయాయని నా ఒంట్లోని కోమటి రక్తానికి తెలిసిపోయింది.) ఇక నేను ఆగడం కూడా మానేసి, గొంతు పెంచి, వేగం పెంచి, పాటను గింగిరాలు తిప్పుతూ, ‘ఎనక్కి పొండి, ఎనక్కి పొండి’ అంటూ ఒక్కదాన్నే ఊగిపోతున్నాను. అప్పుడు వార్డెనమ్మ ఎడమచెయ్యి లేచింది. హార్మోనియం మీదున్న నా చేతి మీద ఠప్పున పడింది.

“నోర్... ముయ్,” అంది.

నేను నోరు మూశాను. పుట్టి బుద్ధెరిగాక ఒకరి ముందు నేను అంతసేపు ఊరుకోవడం అదే మొదలు. బయట ఒక బస్సు ఆగి, మనుషుల్ని దించి, బయల్దేరి వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె ఊపిరి తీసుకుంది. పెదవులు దగ్గరికొచ్చాయి, విడిపోయాయి, మళ్ళీ దగ్గరికొచ్చాయి. గరుకుగా, అంచూ రాగమూ లేకుండా, హాస్టల్లో ఎలా అనేదో అలాగే వచ్చింది.

“పొండి.”

ల్యాంపు తాత కుర్చీ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. “తిట్టింది డాక్టరమ్మా,” అన్నాడు. “నా పెండ్లామే. గదే గొంతు.” ఆయన ఏడుస్తుంటే ఆమె ఆయన నెత్తి మీద కూడా ఎడమ చేత్తో ఒకటి వేసింది.

కేరళ పెద్దాయన కళ్ళు తుడుచుకుని, మొదట ఆమె ఏమన్నదని ఇంగ్లీషులో అడిగాడు. మా వంశంలో ఎంతమంది అబద్ధాలాడారో తెలియదు కానీ ఇంత నున్నటిది ఎవరూ ఆడి ఉండరు. నేను అలసిపోయానని, కాస్త విశ్రాంతి తీసుకోమంటోందని చెప్పాను. ఆ దంపతులు కరిగిపోయారు. తనకే ఒంట్లో బాగాలేకపోయినా సంగీతం చెప్పే పిల్ల గురించి ఆలోచించిందని మురిసిపోయారు. నా ఓపిక గొప్పదన్నారు. ఓపిక! గది ఉంటుందన్నారు, ఉద్యోగం ఉంటుందన్నారు. నేను ఆ నిమిషంలోనే ఒక కీబోర్డు కూడా అడిగాను. అదీ ఇస్తామన్నారు. తలుపు దగ్గర పెద్ద డాక్టరమ్మకు తెలుగు వచ్చని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళ జీపు వెళ్ళిపోయేదాకా ఆమె చెయ్యూపారు. తర్వాత నా దగ్గరికొచ్చి, నెమ్మదిగా, మందు చీటీ చదివినట్టు అన్నారు.

“వార్డెనమ్మ చెప్పిన మందు బాగుంది. రోజూ వేసుకో. పరగడుపున.”

మర్నాటి నుంచి వేసుకున్నాను. హార్మోనియం మూసేసి, బోసి పాటను బోసిగానే పాడి, చివరి మాట దగ్గర ఆగి, చేతులు ఒడిలో నొక్కిపట్టుకుని కూర్చునేదాన్ని. ఎంత కష్టం! నాలుక దానంతటదే లేచేది, దాన్ని పళ్ళతో పట్టుకునేదాన్ని. వార్డెనమ్మ ప్రతిసారీ వచ్చేది. ఆలస్యంగా, తడుముకుంటూ, కానీ వచ్చేది. ‘పొండి’ వచ్చింది, ‘గిన్నె’ వచ్చింది, ఒకరోజు పాటలో లేని ‘అన్నం’ వచ్చింది. ప్రతి మాటకూ ముందు ఆ పెదవుల కదలిక ఉండేది. అదే కదలిక. చలికాలమంతా నేను రోజూ చూసింది. మాట గడప దాకా వచ్చి నిలబడితే, నేను లోపలి నుంచి తలుపు వేసి, ‘ఇంకోటి చూస్తారా’ అని అడుగుతూ వచ్చానన్నమాట.

ఎస్టీడీ బూత్‌కు పోయి మద్రాసు మేడమ్‌కు ఫోన్ చేశాను. (మిస్డ్ కాల్ కాదు.) జరిగింది చెప్పాను. ఆమె తిట్టలేదు. జబ్బు చేసి ఎన్నాళ్ళైందని మాత్రం అడిగారు. దసరా నుంచి అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. నేనూ ఊరుకున్నాను, కొత్తగా నేర్చుకున్నాను కదా. చివరికి ఆమె, మొదటి నెలల్లో వచ్చినంత తేలిగ్గా మాట తర్వాత రాదనీ, అయినా రాదనుకుని మానేయొద్దనీ, ఎండాకాలం సెలవు దొరికితే వచ్చి వార్డులో కూర్చోమనీ చెప్పారు. ఈసారి ఫీజు ఎంతని కూడా నేను అడగలేదు. ఆ సాయంత్రం పెద్ద డాక్టరమ్మకు సగం చదువు సంగతి చెప్పేశాను. ఆమెకు ఆ బోర్డు చూసిన రోజే అనుమానం వచ్చిందట. వార్డులో కూర్చుని వచ్చేదాకా కొత్త రోగిని నా గదికి పంపనన్నారు, పంపలేదు.

ల్యాంపు తాతకు చెప్పడం మాత్రం అన్నిటికన్నా కష్టమైంది. ఆసుపత్రి అరుగు మీద భార్యకు కమలాపండు వలుస్తూ కూర్చున్నాడు. నేను ముందే నోరు మూసుకుని ఉంటే ఆమెకు ఇంకా మాటలు వచ్చేవేమో తాతా అన్నాను. కేరళ వాళ్ళు మెచ్చుకున్న ఓపిక నాది కాదని కూడా అన్నాను. ఆయన తొనకున్న పీచు తీస్తూనే ఉన్నాడు.

“ఎన్ని వచ్చేటివో ఎవలికెరుక బిడ్డా. పొద్దుగాల లేచి నన్ను మొద్దు అన్నది. నాకు గంతే చాలు.”

వార్డెనమ్మ నా వైపు చూసింది. కోపం లేదు, జాలీ లేదు. తొన అందుకుని నోట్లో వేసుకుంది. ఆయన చాలన్నాడు కదా అని నా మనసు ఒక్క క్షణం తేలికపడింది. చిల్లర లెక్కపెట్టుకోకుండా జేబులో వేసుకుని వెళ్ళిపోయే గిరాకీని చూసినప్పుడు కలిగే తేలిక అది. ఆ తేలిక గుర్తుపట్టాకే నాకు అసలు సిగ్గంటే ఏమిటో తెలిసింది.

ఇన్నేళ్ళ తర్వాత జరీగుడ్డ కప్పిన హార్మోనియం ముందు ఊగిపోతున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. చెవి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. నవ్వుతో లెక్క తీరదు కాబట్టి, లెక్క కూడా వేసి చూశాను. నా వైపు ఉద్యోగం, పేరు, కీబోర్డు. ఆమె వైపు తనకు కావలసినవి అడగడానికీ, వద్దనడానికీ, మొగుణ్ణి తిట్టడానికీ సరిపడా విడిమాటలు. బతికినన్నాళ్ళూ వాక్యం మాత్రం ఆమెకు రాలేదు. ముందే ఊరుకుని ఉంటే వచ్చేదా అంటే, మేడమ్ రావచ్చునన్నారు, డాక్టరమ్మ చెప్పలేమన్నారు, తాత అడగనే లేదు. వచ్చిన మాటలన్నీ ఆమె కష్టార్జితం. రాని మాటల్లో నా పాలు ఎంతో తెలియదు. ఎంతో తెలియని బాకీని మా కొట్టులో అయితే ఖాతాలోంచి కొట్టేస్తారు. నేను కొట్టెయ్యలేదు.